దేవుళ్ళకు బదులు ఆడవాళ్ళను గీసిన గోడ

నేను డ్రాయింగ్ టీచర్‌ని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో కాస్త జాలి కనిపిస్తుంది. పాపం, లెక్కలు రాక, సైన్సు రాక ఇందులో పడినట్టుందే అనుకుంటారు. ఆ జాలి నాకు ఇన్నేళ్ళకూ అలవాటు కాలేదు, కానివ్వను కూడా. పుట్టింది ధర్మవరంలో, మగ్గం ఆడే ఇంట్లో. కాపురం హిందూపురంలో. ఉద్యోగం పెనుకొండలో, ఆడపిల్లల హైస్కూల్లో. పొద్దున ప్యాసింజరు రైల్లో వెళ్ళి సాయంత్రం ఏ బస్సు దొరికితే ఆ బస్సులో ఇంటికి చేరతాను.

మా స్కూలుకు రోడ్డు వైపు పొడవాటి కాంపౌండు గోడ ఉంది. గోరంట్ల వైపు పోయే బస్సులు దాని ముందే ఆగుతాయి. బస్సు కోసం నిలబడ్డ మగవాళ్ళకు, బస్సు దిగిన మగవాళ్ళకు, అసలు బస్సుతో ఏ సంబంధమూ లేని మగవాళ్ళకు కూడా ఆ గోడను చూడగానే ఒంటేలు గుర్తుకొచ్చేది. 'ఇక్కడ మూత్రం పోయరాదు' అని ఎవరో ఎప్పుడో ఎర్ర రంగుతో రాయించారు. ఆ అక్షరాలు చదువుకుంటూనే పని కానిచ్చేవాళ్ళు.

గోడకు ఇవతల తొమ్మిదో తరగతి గది. ఆ గది కిటికీలు తెరిచి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఎండాకాలం కరెంటు పోతే లోపల ఉడికిపోయేవాళ్ళు, అయినా కిటికీ తీయమని ఎవరూ అనేవాళ్ళు కాదు. గోడ వైపు వరసలో కూర్చున్న పిల్లలు చున్నీలు ముక్కుకు చుట్టుకుంటే, వాళ్ళకు నేను సంపెంగ పువ్వు గీయడం నేర్పాలి. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు, ఎక్కువ మాట్లాడేవాళ్ళకు ఆ వరసలో చోటు ఇవ్వడం మా స్కూల్లో ఒక శిక్ష.

పోయిన ఏడాది మా హెడ్‌మిస్ట్రెస్ మేడం విసిగిపోయి ఒక అట్టపెట్టె తెప్పించారు. విప్పి చూస్తే దేవుళ్ళ టైల్సు. ఏడుకొండలవాడు, శిలువ, మక్కా, ఇంకా అమ్మవార్లు, అందరూ ఒకరి మీద ఒకరు పడుకుని ఉన్నారు. గోడ పొడుగునా అక్కడక్కడా ఈ టైల్సు అతికిస్తే మగవాళ్ళు భయపడి దూరంగా పోతారన్నమాట. ఇది మా వైపు ఏ ఊళ్ళోనైనా కనిపించే ఏర్పాటే. ఆస్పత్రి గోడకు ఉంటాయి, సినిమాహాలు గోడకు ఉంటాయి.

"ఇంగ ఎవురు పోస్తారో నేనూ చూస్తా," అన్నారు మేడం.

నాకు ఒళ్ళు మండింది. "దేవుళ్ళను ఈ పనికి కాపలా పెడితే మనకే పాపం తగులుతాది మేడం. అదీగాక టైలుకూ టైలుకూ మధ్య సందు చూసుకుని పోస్తారు. హిందూపురం బస్టాండు దగ్గర అంతే జరుగుతాంది."

"మరి ఏం చేద్దామంటావు చెప్పు."

"గోడంతా బొమ్మలు వేద్దాం. పిల్లలతో వేయిస్తా."

"ఏం బొమ్మలు?"

"బొమ్మలు గీసిన ఆడవాళ్ళ బొమ్మలు," అన్నాను.

ఆ జవాబు అప్పటికప్పుడు పుట్టింది కాదు. దాని వెనక ఒక నెల కథ ఉంది. మా లైబ్రరీలో గొప్ప చిత్రకారుల గురించి రంగుల పుస్తకం ఒకటి ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె దాన్ని చివరిదాకా తిప్పి, "మేడం, గడ్డాలోళ్ళే ఉండారు. ఆడోళ్ళు ఎవురూ బొమ్మలు గీయలేదా?" అని అడిగింది. ఆ పిల్ల వాళ్ళమ్మ మా స్కూలు ముందే, బస్సులు ఆగే చోట, పూలు కట్టి అమ్ముతుంది. పిల్ల అమాయకంగానే అడిగింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నేను చదివిన డ్రాయింగ్ కోర్సులో కూడా ఒక్క ఆడ పేరు చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఇక ఊరుకుంటానా. రైల్లో పోతూ వస్తూ ఫోనులో వెతికాను, దొరికిన పుస్తకమల్లా చదివాను. సిలబస్‌లో లేకపోయినా శుక్రవారం క్లాసులన్నీ దీనికే పెట్టాను.

పిల్లలకు చాలా చెప్పాను. తండ్రో అన్నో చిత్రకారుడైతే తప్ప ఆడపిల్ల చేతికి కుంచె దొరకని కాలం లోకంలో చాలా ఏళ్ళు నడిచింది. వాళ్ళు ఇంట్లో రంగులు నూరి, తండ్రి వెనక నిలబడి చూసి నేర్చుకున్నారు. మఠాల్లో సన్యాసినులుగా ఉండి చేతిరాత పుస్తకాల అంచుల్లో బొమ్మలు వేసినవాళ్ళున్నారు. మనిషి ఒంటిని చూసి గీయడం నేర్పే గదిలోకి ఆడవాళ్ళను రానివ్వకపోతే, పోండి మీ గది మీకే ఉంచుకోండని పూలనూ పండ్లనూ గీసి, ద్రాక్షపండు మీది తెల్లటి పొడిని కూడా రంగులోకి దించినవాళ్ళున్నారు. మన దేశంలోనూ అంతఃపురాల్లో కూర్చుని అరచేయంత కాగితం మీద సన్నటి కుంచెతో గీసినవాళ్ళున్నారు. ఆ బొమ్మల్లో కొన్ని మొన్న మొన్నటిదాకా తండ్రి పేరుతోనో మొగుడి పేరుతోనో చలామణి అయ్యాయి. పేరూ ముఖమూ ఏదీ మిగలకుండా పోయినవాళ్ళయితే లెక్కే లేదు.

వాళ్ళు తమను తాము గీసుకున్న బొమ్మలు కొన్ని ఫోనులో చూపించాను. పూలమ్మే ఆమె కూతురు ఫోను దగ్గరికి లాక్కుని చూసి, "మేడం, వీళ్ళంతా మనల్నే చూస్తాండారు," అంది.

"చూడరా మరి. అద్దం ముందర కూర్చుని, అద్దంలోకి చూస్తూ గీసుకున్నారు. అందుకే కండ్లు నేరుగా మన మీదే ఉంటాయి. నువ్వు పక్కకు జరిగినా నీ వెంటే వస్తాయి."

పిల్ల మూసిన కిటికీ వైపు చూసి, "వీళ్ళు ఆ గోడ మీదుంటే మొగోళ్ళు పోస్తారా మేడం?" అంది. క్లాసంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాను గానీ ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. అందుకే మేడం అడగ్గానే నోట్లోంచి ఊడిపడింది.

మేడం మంచి మనిషే, కానీ ఏ విషయానికైనా ఒక గడువు పెట్టందే ఆమెకు నిద్రపట్టదు. "దసరా సెలవుల దాకా చూస్తా. అప్పటికీ గోడ తడిగానే ఉంటే సున్నం కొట్టించి టైల్సు అతికిస్తా. అప్పుడు నువ్వు గానీ నీ పిల్లలు గానీ ఏడిస్తే నేను వినను," అన్నారు. ప్రేయరులో పిల్లలందరి ముందూ ఇదే మాట చెప్పారు. దాంతో ఆ గోడ నా ఒక్కదానిది కాకుండా పోయింది. గెలిస్తే తొమ్మిదో తరగతి కిటికీలు తెరుచుకుంటాయి, ఓడితే పిల్లలు గీసిందంతా సున్నం కిందికి పోతుంది. స్కూల్లో ప్రతి ఆడపిల్లకూ ఈ సంగతి తెలుసు.

శనివారం సాయంత్రాలు, ఆదివారాలు పని పెట్టుకున్నాం. ముందు బ్లీచింగు పౌడరు పోసి గోడ కడిగాం, ఆ పని గురించి ఎక్కువ చెప్పను. తర్వాత తెల్ల రంగు, దాని మీద బొమ్మలు. గోడ మొదటి సగంలో ముఖాలు దొరికిన చిత్రకారిణులు. తల మీద తెల్ల గుడ్డ కట్టుకున్నామె, మెడ నిండా కుచ్చుల కాలరు పెట్టుకున్నామె, పెద్ద టోపీ పెట్టుకున్నామె, అందరి చేతుల్లోనూ కుంచెలు. రెండో సగంలో ముఖం మిగలనివాళ్ళు. వాళ్ళకు మన చీరలే కట్టించి, చేతికి కుంచె ఇచ్చి, ముఖం ఉండాల్సిన చోట ఖాళీగా వదిలాం. అక్కడ ఏం వేయాలో నాకే తెలియదు.

ఎదురుగా టీ కొట్టాయనకు మా పని మంచి కాలక్షేపం. "ఏమ్మా మేడమ్మా, దొరసాండ్లను ఏస్తాండారే. లీడర్లను ఏయకపోతిరా?" అన్నాడు.

"లీడర్లు ఊళ్ళో అన్ని గోడల మీదా ఉండారు కదన్నా. ఎవురైనా ఆగినారా?"

ఆయన గ్లాసు కడుగుతూ, "అదీ నిజమేలే," అన్నాడు.

మధ్యలో ఒక ఆదివారం మా అమ్మ ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చింది. అమ్మ గురించి ఒక్క ముక్క చెప్పాలి. మా ఇంట్లో మగ్గం మీద కూర్చునేది నాయన. ఏ కొంగుకు ఏ రంగు, ఏ అంచుకు ఏ రంగు అనేది అమ్మ చెప్పేది. షావుకార్లు వచ్చి, "నీ రంగులు ఎత్తి కొడతాయప్పా," అని నాయన భుజం తట్టేవాళ్ళు. నాయన నవ్వి ఊరుకునేవాడు. అమ్మ వంటింట్లోంచి కాఫీ పంపేది. చిన్నప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు, ఇంట్లో అట్లాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఆ ఆదివారం అమ్మ గోడంతా ఒకసారి నడిచి చూసి, దొరసానుల గౌను పక్కన నేను వేసిన ఆకుపచ్చ దగ్గర ఆగి, "ఇది చచ్చిపోయిన పచ్చే. దీని పక్కన వంకాయ రంగు పెట్టు, లేస్తాది," అంది. పెట్టాను, లేచింది. పిల్లలు అమ్మ చుట్టూ మూగి తక్కిన రంగులన్నీ అడిగి వేసుకున్నారు. అంత మంది తన మాట కోసం కాచుకోవడం అమ్మకు కొత్త. సాయంత్రం దాకా స్టూలు మీద మహారాణిలా కూర్చుంది.

మొదటి సగం పూర్తయ్యాక కొన్నాళ్ళు గోడ పొడిగా ఉంది. నేను గాల్లో తేలాను. స్టాఫ్ రూములో టైల్సు పెట్టె వైపు చూసి మీసం లేకపోయినా మెలేశాను. తర్వాత ఒక సోమవారం రైలు దిగి వచ్చేసరికి టోపీ దొరసాని కింద మళ్ళీ తడి.

టీ కొట్టాయన దగ్గరికి పోయి నిలదీశాను, ఆయనే పోసినట్టు.

"నా మీద యాలమ్మా ఎగురుతావు? మొదట్లో జంకినారు. తర్వాత ఒగాయన అన్నాడు, వాళ్ళు దొరసాండ్లు, మనోళ్ళు యెవురో వాళ్ళకేం తెలుసని. తెలీనోళ్ళ ముందర సిగ్గేముంటాది? నిన్న ఒగడైతే నమస్తే మేడం అని చెప్పి మరీ పోసినాడు."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వందల ఏళ్ళ కిందట అద్దంలోకి చూస్తూ తమను గీసుకున్న ఆడవాళ్ళు, నానా తిప్పలు పడి పెనుకొండ దాకా వస్తే వాళ్ళకు దక్కిన మర్యాద ఇది. మేడం గేటు దాకా వచ్చి చూసి పోయారు. మేస్త్రీకి ఫోను చేసి దసరా సెలవుల ముందు రోజు రమ్మన్నారు, నాకు వినబడేట్టుగానే.

ఆ పూట క్లాసుకు పోతే పిల్లలు తలకాయలు వేలాడేసుకుని ఉన్నారు. టీ కొట్టాయన మాట చెప్పాను. తెలియనివాళ్ళ ముందు సిగ్గు ఉండదట. చెబుతూ ఉండగానే నాకూ, పూలామె కూతురికీ ఒకేసారి తట్టింది. ఆ పిల్ల లేచి నిలబడి, "తెలిసినోళ్ళను ఏద్దాం మేడం. మొగాల్లేకుండా వదిల్నాం కదా," అంది.

"అయితే మీ అమ్మలను పిల్చుకుని రాండి," అన్నాను.

అమ్మలు నవ్వారు. కొందరు, మాకు పనుంది పొమ్మన్నారు. కొందరు భయపడ్డారు. వచ్చినవాళ్ళు మాత్రం మొండిఘటాలు. అందరికన్నా ముందు పూలామె వచ్చింది. కార్ల ఫ్యాక్టరీ క్యాంటీనులో పనిచేసే ఒకామె డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చింది. చెనిక్కాయ చేలల్లో కోతలకు కూలికి పోయేవాళ్ళు, చర్చి పక్కన ఉండే టైలరామె, ఇట్లా ఒకరి వెనక ఒకరు చేరారు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. నేను పెన్సిలు పట్టుకుని కూర్చోగానే అందరూ తల వంచేవాళ్ళు. ముక్కు కుదిరింది, నోరు కుదిరింది, కండ్లు మాత్రం నేల మీదే. "నేరుగా చూడక్కా," అంటే, "అట్ల జూస్తే పొగరంటారు మేడం," అనింది పూలామె. నన్ను చూడమన్నా రెప్ప లేచేది, మళ్ళీ వాలేది. కిందికి చూసే ఆడమనిషిని ఆ గోడ మీద వేస్తే ఏం చూస్తున్నట్టు ఉంటుందో నేను వివరంగా చెప్పక్కర్లేదు. ఆ మాట వాళ్ళతోనే అన్నాను. టైలరామె నవ్వలేక పొట్ట పట్టుకుని కూర్చుంది. నవ్వారు గానీ కండ్లు లేవలేదు.

నేను పిల్లలకు నెల రోజులు పాఠం చెప్పిందేమిటి, ఇప్పుడు చేస్తున్నదేమిటి అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ చిత్రకారిణులు అద్దంలో చూసుకున్నారని చెప్పిన నోటితోనే, ఇక్కడ వీళ్ళను నన్ను చూడమంటున్నాను. పూలామె కూతుర్ని పంపి ఇంట్లోంచి అద్దం తెప్పించాను. గోడ ముందు కుర్చీ మీద అద్దం నిలబెట్టి, "నన్ను చూడొద్దక్కా. పొద్దున బొట్టు పెట్టుకునేటప్పుడు చూసుకుంటావే, అట్లా నిన్ను నువ్వు చూసుకో," అన్నాను.

చూసుకుంది. ఎవరి పర్మిషనూ అక్కర్లేని చూపు అది. ఏ ఆడదైనా తన అద్దంలో తల వంచుకుంటుందా? నేను గబగబా గోడ మీద కన్ను గీయబోయాను. ఆమె అద్దంలోంచే నా చేతిని గమనించి, "ఆ కన్ను అట్లుండదు మేడం. నాది ఆపక్క కొంచెం చిన్నది," అంది.

కుంచె ఆమె చేతికి ఇచ్చాను. "నువ్వే వెయ్యి."

"నాకేడొచ్చు?"

"కాటుక పెట్టుకోవడం రాదా?"

ఆమె కుంచె పట్టుకుని, అద్దంలోకి చూసింది, గోడను చూసింది, మళ్ళీ అద్దంలోకి చూసింది. ముక్కు వైపు నుంచి మొదలుపెట్టి కొన దాకా ఒకే గీత లాగింది.  రెండో గీత, కనుపాప, పక్కన కొంచెం చిన్నదైన రెండో కన్ను. వెనక్కు జరిగి చూసుకుని, "ఇది నేనే," అంది, ఎవరితోనో కాదు, తనలో తానే. నాకు ఏడుపొచ్చింది. బాధతో కాదు, గర్వంతో. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నాళ్ళూ ఫోనులో వేలితో పెద్దవి చేసి చూపించిన బొమ్మలు ఎట్లా పుట్టాయో, ఆ రోజు పెనుకొండ రోడ్డు పక్కన కండ్లారా చూశాను.

తర్వాత అందరూ తమ కండ్లు తామే వేసుకున్నారు. అద్దం చేతులు మారింది. ఒకామె కనుబొమలు దట్టంగా వేసుకుంది, ఇంకొకామె మెడ మీది మచ్చ కూడా వదలలేదు. మా అమ్మకు ఫోనులో చెబితే మరుసటి ఆదివారమే దిగిపోయింది. "ఈ ఊర్లో నన్ను ఎవురికీ తెలీదు. అయినా నా కండ్లు గూడా ఉండనీ," అని ఒక ఖాళీ ముఖం ముందు కుర్చీ వేసుకుంది.

ఇక అందరి కండ్లూ పూర్తయ్యాక వచ్చిన సోమవారం సంగతి. టీ కొట్టాయన చెప్పగా విన్నది కొంత, మేము గేటు సందులోంచి చూసింది కొంత. ఒకాయన బస్సు దిగి అలవాటు ప్రకారం గోడ దగ్గరికి పోయి తల ఎత్తాడు. ఎదురుగా వాళ్ళ వదిన. కుంచె పట్టుకుని తిన్నగా అతన్నే చూస్తోంది. అతను బస్సు బోర్డు చదవడానికి వచ్చినవాడిలా మెడ అటూ ఇటూ తిప్పి జారుకున్నాడు. ఇంకొకాయన తెలియని ముఖం కోసం గోడ పొడుగునా నడిచాడు. ఒకచోట చెల్లెలి అత్త, ఒకచోట కొడుకు టీచరుకు అక్క, దొరసానుల వైపు పోదామంటే మేం తెలివిగా వాళ్ళ మధ్య మధ్య కూడా మనవాళ్ళను ఇరికించాం. చివరికి బస్టాండు వెనక ఉన్న మరుగుదొడ్డికి పోయాడు. అక్కడ అది ఉందని ఊళ్ళో మగవాళ్ళకు ఆ వారంలోనే తెలిసినట్టుంది. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. గోడ ఎండి పెళపెళలాడుతోంది. పిల్లలు రోజూ ఇంటర్వెల్లులో పోయి చేత్తో తాకి చూసి వచ్చేవాళ్ళు.

దసరా సెలవుల ముందు రోజు మేస్త్రీ రానే వచ్చాడు. అతన్ని ఉత్తచేతులతో పంపించేద్దామని మేడం అంటూండగానే పూలామె మొగుడు ఆఫీసు రూములోకి వచ్చాడు. ఆటో నడుపుతాడు. ముఖం ఎర్రగా ఉంది.

"మేడం, నా పెండ్లాము బొమ్మ తీసేయాల. ఆటోస్టాండులో తలెత్తుకోలేకుండా ఉండా. నీ పెండ్లాము పొద్దస్తమానం మమ్మల్నే చూస్తాందప్పా అని ఆడుకుంటాండారు నన్ను."

మేడం నా వైపు చూశారు. "ఒక్క మొగమే కదమ్మా. ఎట్లాగూ మేస్త్రీ వచ్చినాడు. ఆ చోట ఒక టైలు పెడితే గొడవ పోతాది."

నా గొంతు లేచింది. "ఈరోజు ఒక మొగం పోతే రేపు ఇంకో మొగుడు వస్తాడు మేడం. ఎల్లుండి ఇంకొకడు. దసరా పోయి వచ్చేసరికి గోడ మీద టైల్సే ఉంటాయి, మళ్ళీ సందులుంటాయి." ఆఫీసు రూము గుమ్మంలో పూలామె కూతురు నిలబడి ఉంది. వాళ్ళ నాయన గొంతు విని వచ్చినట్టుంది. 

"ఊరికే అరవొద్దు. గోడ దగ్గరికి పోదాం పదండి," అన్నారు మేడం.

అందరం రోడ్డు మీదికొచ్చాం. మేస్త్రీ చేతిలో ఒక టైలు, తాపీ. పూలామె ఎప్పటిలాగే బస్సులు ఆగే చోట బుట్ట ముందు పెట్టుకుని మాల కడుతోంది. మమ్మల్ని చూసి దారం తెంపి లేచి వచ్చింది. అప్పుడే ఆగిన బస్సులోంచి తలలు బయటికొచ్చాయి.

మొగుడు నన్ను చూపించి, "నా పెండ్లాము బొమ్మ ఏసేదానికి ఈ మేడం ఎవురని అడుగుతాండా," అన్నాడు.

"మేడం ఏయలేదు," అంది ఆమె.

"మరి ఎవురేసినారు?"

"నేనే ఏసినా."

అతను నవ్వాడు. చుట్టూ చూసి అందరికీ వినబడేట్టు, "నీకు బొమ్మలు ఏసేది యాడొచ్చు?" అన్నాడు.

ఆమె కూతురి వైపు చూసి, "పాపా, రంగు తీసుకురాపో," అంది. పిల్ల ఒక్క పరుగున డ్రాయింగు రూముకు పోయి డబ్బాలు, కుంచెలు తెచ్చింది. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని గోడ ముందు నిలబడింది. తన బొమ్మ జడలో పూలు లేవు, నేనూ గమనించలేదు. తెల్ల రంగులో కుంచె ముంచి, చెవి వెనక నుంచి మొదలుపెట్టి, మొగ్గ పక్కన మొగ్గ, మధ్యలో కనకాంబరానికి ఎర్ర చుక్క, పొద్దున్నుంచీ వేళ్ళతో కట్టిన మాలనే కుంచెతో కట్టింది. అద్దం అడగలేదు. బస్సు డ్రైవరు హారను కొట్టడం మర్చిపోయి చూస్తున్నాడు. మాల భుజం దాకా దిగాక, నల్ల రంగు డబ్బా తీసుకుని బొమ్మ కింద కూర్చుంది. పెద్ద పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ, తన పేరు రాసింది.

లేచి మొగుడి వైపు తిరిగింది. "ఆటోస్టాండులో ఎవురైనా అడిగితే ఇది ఏసింది ఎవురో ఈడ రాసుండాది, చదువుకోమని చెప్పు."

టీ కొట్టాయన ముందుకొచ్చి, "ఏమప్పా, అచ్చం ఆయమ్మే గదా," అన్నాడు. మొగుడు బొమ్మను చూశాడు, పెండ్లాన్ని చూశాడు.  చివరికి, "బొట్టు కొంచెం కిందికి దిగినట్టుండాది," అన్నాడు.

"ఉండనీ," అంది ఆమె, పోయి బుట్ట ముందు కూర్చుంది. అతను ఆటో ఎక్కి పోయాడు. మళ్ళీ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

మేడం మేస్త్రీ చేతిలోని టైలు తీసుకుని, కొంగుతో తుడిచి, "స్వామిని ఇంట్లో పూజ దగ్గర పెట్టుకుంటా. నువ్వు ఆ కిటికీలు చూసిపో, గొళ్ళాలు తుప్పు పట్టి ఉంటాయి," అన్నారు. మేస్త్రీ సుత్తితో గొళ్ళాలు కొట్టి రెక్కలు నెట్టగానే లోపలినుంచి పిల్లల కేకలు రోడ్డు దాకా వినబడ్డాయి. గోడ వైపు వరసలో కూర్చోవడానికి ఆ రోజు నుంచి పోటీ. మాట్లాడేవాళ్ళను శిక్షించడానికి టీచర్లు ఇంకో దారి చూసుకోవాల్సి వచ్చింది.

సెలవుల తర్వాత తక్కిన అమ్మలు కూడా ఒక్కొక్కరే వచ్చి బొమ్మల కింద పేర్లు రాసుకుపోయారు. రాయడం రానివాళ్ళకు కూతుళ్ళు పలక మీద నేర్పించారు. మా అమ్మ ధర్మవరం నుంచి ఇంకోసారి వచ్చి, ఇంటిపేరుతో సహా రాసి, "మీ నాయనకు ఫోటో పంపు," అంది.

ఈ జ్ఞాపకాల్లో నేను ఎవరి పేరూ రాయలేదు, గమనించే ఉంటారు. పూలామె పేరును కూడా నేను రాయను. ఇన్ని వందల ఏళ్ళు ఆడవాళ్ళ బొమ్మల కింద వేరేవాళ్ళు రాసిన పేర్లు చాలు. పెనుకొండలో గోరంట్ల బస్సులు ఆగే చోట దిగండి. ఆమె పేరు ఆమే రాసుకుంది.